దారుమార్జన చరిత్రము
(ఆకునుండి విద్యుద్యంత్రము వఱకు)

శ్రీ విశ్వకర్మణే నమః



మన సంఘ వార్షిక మహాసభా సంచికకు వ్యాసమొకటి వ్రాసి పంపుమని కార్యనిర్వాహకులు నన్ను గోరినప్పుడు, మన పూర్వులు నిర్మించిన యాలయరథములను గూర్చియో, సింహద్వారములను గూర్చియో వ్రాయుదునని వారు తలచియుందురు. అట్టి వ్యాసములు మన సంచికలలో ననేకములు వెలువడినవి, ఇకముందును వెలువడగలవు. నేను వానిని విడిచి, చూపునకు మిగుల నల్పముగ దోచు నొకపనిని, అనగా కొయ్యను నునుపుచేయు పనిని, ఈ వ్యాసమునకు విషయముగ గ్రహించితిని. తలుపు చెక్కినవాని పేరు లోకము చెప్పుకొనును. దానిని నునుపుచేసిన చేతిని దలచువారు లేరు. మఱియు నీపని మన కన్నులయెదుటనే చేతినుండి విద్యుద్యంత్రమునకు మాఱినది. మన యువకులు సాండరనియు, సాండింగు మిషననియు బిలుచు నాచిన్న యంత్రము లేని వడ్రంగిశాల పట్టణములం దరుదు. అది యెచ్చటనుండి వచ్చెను, మనకేమి యిచ్చెను, మనయొద్దనుండి యేమి తీసికొనుచున్నది, దాని నెట్లు వాడిన క్షేమము—ఈ నాలుగు ప్రశ్నలకును యథాశక్తిగ సమాధానము వ్రాయుచున్నాను.

నామవిచారము

మొదట పేర్లను విచారింతము. కొయ్యపనివానికి సంస్కృతమున తక్ష, వర్ధకి, త్వష్ట, రథకారుడు అను పేర్లు గలవు. అమరసింహుడు వీనినన్నిటిని నొకచోటనే పఠించినాడు. వర్ధకి శబ్దమునుండియే మన వడ్రంగి శబ్దము పుట్టెనని పెద్దల మతము. తక్ష, త్వష్ట శబ్దములకు మూలములైన ధాతువులకు ధాతుపాఠమున జెప్పబడిన యర్థము తనూకరణము, అనగా పలుచన చేయుట. ఈ యర్థము మిక్కిలి లోతైనది. కుమ్మరి మట్టిని జేర్చి కుండను జేయును. సాలెవాడు నూలును జేర్చి వస్త్రమును నేయును. వడ్రంగి యన్ననో యక్కఱలేనిదానిని దీసివైచి వస్తువును బుట్టించును. గొడ్డలి మొద్దును దీయును. బాడిస పేళ్లను దీయును. ఉలి తునుకలను దీయును. చిత్రిక పొరలను దీయును. తుదకు గఱుకు కాగితము ధూళిని దీయును. పరికరము సూక్ష్మమైనకొలది తీసివేయబడు భాగమును సూక్ష్మమగును. ఈ మాటను పాఠకులు మనస్సున నుంచుకొనవలెను. దీనితో ముందు మనకు పని గలదు.

పాణిని తన యష్టాధ్యాయియందు గ్రామతక్షుని, కౌటతక్షుని వేఱువేఱుగ గుర్తించెను. మొదటివాడు ఊరివారందఱి పనియు జేయువాడు. రెండవవాడు తన కుటీరమున గూర్చుండి, యెవ్వరికిని లోబడక, స్వతంత్రుడై పని చేసికొనువాడు. ఈ రెండవవానినిగూడ మఱవవలదు.

ఆకులు, చర్మములు, కాగితములు

కాగితము రాకముందు మన దేశమున నునుపునకు సాధనములు చెట్టుమీదనే యుండెడివి. సంస్కృతమున శాఖోటకమనియు, తెలుగున బరివెంక యనియు జెప్పబడు చెట్టు ఆకులు మిగుల గఱుకైనవి. వానితో దంతపుపనిని, కొయ్యపనిని రుద్ది నునుపు చేసెడివారు. అనకాపల్లి జిల్లాలో వరాహానది యొడ్డున నున్న ఏటికొప్పాకలో, అంకుడుకఱ్ఱను తరిణె పట్టి, దానిపై లక్కను బట్టించిన పిమ్మట, మొగలియాకు నదిమిపట్టి మెఱుగు తెచ్చు నాచారము గలదు. ఆకు మెత్తనిది, చేయి నిదానమైనది. అట్టి పనిలో రాలెడు పొడి కొంచెము. అదియు ముతకదగుటచే నేలనే పడును గాని గాలిలో నిలువదు.

ఇతర దేశములందును తొలుత నిట్లే యుండెను. సముద్రతీరవాసులు పలుచోట్ల సొఱచేప చర్మమును వాడిరి. చీనాదేశమున 13వ శతాబ్దమునందు గుల్లల పొడిని, గింజలను, ఇసుకను జిగురుతో తోలుకాగితమున కంటించి వాడిరని చరిత్రకారులు వ్రాయుచున్నారు. ఇదియే నేటి గఱుకు కాగితమునకు పూర్వరూపము. 1833వ సంవత్సరమున లండనునందు జాన్ ఓకీ యనునతడు గాజుపొడి యంటించిన కాగితమును విరివిగ దయారుచేయ నారంభించెను. మఱుసటి యేట, 1834 జూన్ 14వ తేదీన, అమెరికాలోని వెర్మాంటు రాష్ట్రమునకు జెందిన ఐజాక్ ఫిషర్ ఇట్టి కాగితమును జేయు విధానమునకు పేటెంటు హక్కును బడసెను. ఆ కాగితమే మనదేశమునకు వచ్చి గాజుకాగితమనియు, ఉప్పుకాగితమనియు బేర్లు పొందినది. ఉప్పుకాగితమను పేరులోనే దాని స్పర్శయంతయు నున్నది.

కురువింద యాత్ర

ఇచ్చట నొక విశేషమును మనవారందఱు దెలిసికొనవలెను. ఇసుకయు గాజును త్వరలో నఱిగిపోవును. వానికంటె కఠినమైన రాయి మన దక్షిణదేశమున దొరకును. దానికి సంస్కృతమున కురువిందమని పేరు. కెంపును ఈ జాతిదే. అఱవమున దీనిని కురుందమందురు. ఖనిజముల కాఠిన్యమును గొలుచు మానమునందు వజ్రము 10, ఇసుకలోని స్ఫటికశిల 7 కాగా, కురువిందము 9. సానపట్టువారికి దీని విలువ చిరకాలమునుండి తెలిసియున్నది. 1725లో ఆంగ్లేయ పండితుడు జాన్ వుడ్‌వర్డు ఈ పేరును కొంచెము మార్చి తన ఖనిజ పట్టికలో జేర్చెను. 1798లో చార్లెస్ గ్రెవిల్ లండనులోని రాయల్ సొసైటీ పత్రికయందు ఈ రాతిని గూర్చి విపులముగ వ్రాసెను. నేడు లోకమంతయు వాడుచున్న కొరండమ్ అను పేరు మన కురువిందమే.

కథ యంతటితో ముగియలేదు. 1891లో అమెరికాలో ఎడ్వర్డు ఎచిసన్ అనునతడు బంకమన్నును, బొగ్గును విద్యుచ్ఛక్తితో మిక్కిలి వేడిచేయగా, మెఱయుచున్న కఠినమైన స్ఫటికములు లభించెను. అవి కార్బనును, కొరండమును గలిసి యేర్పడినవని భ్రమించి యతడు వానికి కార్బొరండమని పేరు పెట్టెను. వాస్తవముగ నది సిలికాను, కార్బనుల సమ్మేళనము. పేరు మాత్రము నిలిచిపోయెను. అదే కాలమున కురువిందమునుగూడ విద్యుత్కొలుములయందు కృత్రిమముగ జేయ నేర్చిరి. 1902లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున కొందఱు కురువిందము దొరకినదని సంతసించి గనుల సంఘమొకటి స్థాపించిరి. తీరా చూడగా నది వేఱొక నాసిరాయి. ఆ సంఘము గనులను విడిచి గఱుకు కాగితము చేయుటకు బూనుకొని, నేడు త్రీఎమ్ అను పేర ప్రసిద్ధి కెక్కినది. 1921లో ఆ సంఘమే నీటితో దడిపి రుద్దదగిన కాగితమును వెలువరించెను. తడిపి రుద్దుటవలన ధూళి లేవదు గదా! ధూళి కీడని గ్రహించినవా రప్పటికే యుండిరని దీనివలన దెలియుచున్నది.

1954లో మదరాసునందు కార్బొరండమ్ యూనివర్సల్ అను సంస్థ యేర్పడి, ఇట్టి రాపిడి సామగ్రిని మనదేశముననే చేయ నారంభించినది. ఇట్లు మన శబ్దము సముద్రములు దాటి, రూపము మార్చుకొని, కర్మాగారముపేరై మరల దక్షిణదేశమునకు జేరినది. మన పిల్లలు సాండరునకు దగిలించు గోధుమవన్నె కాగితముపై నుండునది తఱచుగ నీ కృత్రిమ కురువిందమే.

విద్యుత్తు చేతికి వచ్చుట

ఇక యంత్రమును గూర్చి చెప్పుదును. 1895లో జర్మనీదేశమున ఫైన్ అను సంస్థవారు చేతబట్టుకొని వాడదగిన విద్యుత్ బరమాను మొట్టమొదట నిర్మించిరి. 1917లో అమెరికాలోని బ్లాక్ అండ్ డెకర్ వారు తుపాకి పిడివంటి పిడియు, వ్రేలితో నొక్కు మీటయు గల బరమాకు పేటెంటు బొందిరి. యంత్రము చేతికి లొంగినది అప్పుడే యనవచ్చును. 1926లో అమెరికాలోని పోర్టర్-కేబుల్ సంస్థవారు చేతబట్టుకొను పట్టీ సాండరును విక్రయమునకు దెచ్చిరి. గఱుకు కాగితపు పట్టీ రెండు దొండ్లపై చక్రాకారముగ బరుగిడుచుండగా యంత్రమును పలకమీద నడుపుటయే దాని విధానము. ఒకదినమంతయు పట్టు పని యొక గంటలో నయ్యెను.

తరువాతి దశాబ్దములలో మఱి రెండు జాతులు వచ్చినవి. మొదటిదానియందు చతురస్రమైన కాగితము చిన్నచిన్న సున్నలు చుట్టుచు గదలును. రెండవదానియందు గుండ్రని బిళ్ల, భూమి తనచుట్టు దాను దిరుగుచునే సూర్యునిచుట్టును దిరుగునట్లు, రెండు గతులను గలిగియుండును. అందుచే నొకే గీత రెండుమాఱులొకచోట బడదు. కొయ్యపై జాడలు కానరావు. నేడు మనవారు విశేషముగ వాడునది యిదియే. ఇది నిమిషమునకు పదివేల చుట్లకు మించియు దిరుగగలదు. ఏ చేయి యట్టి వేగము నందుకొనగలదు?

ధూళి వృత్తాంతము

మొదట నేను మనస్సున నుంచుకొనుమన్న మాటను ఇప్పుడు స్మరింపుడు. పరికరము సూక్ష్మమైనకొలది తీసివేయబడు భాగమును సూక్ష్మమగును. చిత్రికపొట్టు కాలిక్రింద బడును. ఱంపపుపొట్టు చీపురున కందును. సాండరు పుట్టించు ధూళిలో వెండ్రుక మందమున పదవవంతుకంటె సన్నని రేణువు లెన్నియో యుండును. అవి నేలకు దిగవు, కంటికి గనబడవు. గంటలకొలది గాలిలో దేలియాడి, పనివాని ముక్కునందును, ఱొమ్మునందును స్థానము సంపాదించుకొనును.

వృత్తికిని వ్యాధికిని సంబంధము కలదని విస్తరించి వ్రాసిన తొలి వైద్యులలో ఇటలీదేశస్థుడగు బెర్నార్డినో రామజ్జినీ ముఖ్యుడు. ఆయన గ్రంథము 1700లో వెలువడినది. రోగిని జూచునప్పుడు “నీ వృత్తి యేమి?” అనియు నడుగవలెనని ఆయన వైద్యులకు బోధించెను. ఆ ప్రశ్నయొక్క విలువ వడ్రంగుల విషయమున తేటపడుటకు రెండున్నర శతాబ్దములకు మించి పట్టినది. ఇంగ్లండులో హైవికోంబ్ అను పట్టణము కుర్చీల తయారీకి పేరుగన్నది. అచ్చట ముక్కు, చెవి, గొంతు వైద్యురాలగు ఎస్మీ హాడ్‌ఫీల్డు తనయొద్దకు వచ్చు రోగులలో, అరుదుగ గనబడు నొకజాతి నాసికా క్యాన్సరు కుర్చీలు, బల్లలు చేయువారియందే తఱచుగ నుండుట గమనించెను. ఆమెయు, డొనాల్డు ఎచిసన్ మొదలగు వైద్యులును గలిసి పరిశోధించి, 1968లో బ్రిటిష్ మెడికల్ జర్నలునందు దమ నిర్ణయమును బ్రకటించిరి: కొయ్యధూళిలో బనిచేయువారికి ఆ వ్యాధి సామాన్యజనులకంటె ననేకరెట్లు హెచ్చుగ వచ్చుచున్నది, ధూళి పీల్చినది యౌవనమునందైనను, వ్యాధి పొడసూపునది దశాబ్దముల పిమ్మట. మఱుసటి సంవత్సరమే బ్రిటిషు ప్రభుత్వము దానిని వృత్తివ్యాధిగ నంగీకరించెను. 1995లో ప్రపంచ ఆరోగ్యసంస్థకు జెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ కొయ్యధూళి మానవులకు క్యాన్సరు గలిగించునని నిర్ధారించెను. రాపిడి రేణువును గనుగొన్న ఎచిసనును, దాని ధూళివలని కీడును వెల్లడించిన ఎచిసనును ఒకే యింటిపేరువారగుట వింతగదా!

ఇదియంతయు దూరదేశపు గాథయని యెవ్వరైన దలచినయెడల, నేను కన్నులార జూచిన దొకటి చెప్పుదును. నా పూర్వశిష్యుడొకడు మంచి వడ్రంగి, వయస్సు నలువదియైదేండ్లు. కొంతకాలముక్రింద నేను వాని శాలకు బోయినప్పుడు వాడు టేకుపలకకు సాండరు పట్టుచుండెను. గదియంతయు పొగమంచువలె నుండెను. యంత్రము నాపి, భుజముమీది తువ్వాలుతో మొగము తుడుచుకొని, నవ్వుచు, “మాష్టారూ, ఈ మిషను పట్టిన రోజు రాత్రి అన్నానికి రుచి తెలియదండీ” యని చెప్పెను. ఇది హాస్యమునకు జెప్పిన మాట. కాని యా పలక యావలికొనను బట్టుకొని వాని పండ్రెండేండ్ల కుమారుడు నిలిచియుండెను. తండ్రి ముక్కునకు లేనిది కుమారుని ముక్కునకు మాత్రమెట్లుండును? ఆనాడు బడి లేదట. అందుచే సాయమునకు వచ్చెనట. నాకా రాత్రి నిద్రపట్టలేదు. ఈ వ్యాసమునకు నిజమైన ప్రేరకుడు ఆ బాలుడే.

యంత్రధర్మములు

యంత్రమును నిందించుట నా యుద్దేశము కాదు. పూర్వులు చిత్రికను గాదనలేదు. మనము సాండరును గాదనవలసిన పనిలేదు. దాని ధర్మమును దెలిసి వాడవలెను. అనుభవజ్ఞులవలన విని, గ్రంథములు చూచి గ్రహించిన నియమములను గ్రింద వ్రాయుచున్నాను.

మొదటిది, పనికి దగిన యంత్రము. ఎక్కువ తీయవలసిన మోటు పలకకు పట్టీ సాండరు తగును. దానిని కొయ్యనార పోయిన దిక్కుననే నడుపవలెను. పలుచని పైపొర యతికించిన ప్లైవుడ్డుపై దానిని వాడరాదు. క్షణములో పొర చినుగును. నునుపుపనికి గుండ్రని బిళ్ల యంత్రము శ్రేష్ఠము.

రెండవది, కాగితపు సంఖ్య. సంఖ్య పెరిగినకొలది రేణువు సన్నము. 80తో నారంభించి 120, 180, 220 అను క్రమమున బోవలెను. ప్రతి కాగితమును దనముందరి కాగితము చేసిన గీతలను మాత్రమే చెఱుపగలదు. మెట్లు దాటి దూకినచో గీతలు నిలిచియుండి, పాలిషు పూసిన పిదప బయటపడును. పలకపై సీసపు పెన్సిలుతో నలుప్రక్కల పలుచని గీతలు గీచి, అవి యంతట సమముగ మాయువఱకు యంత్రము నడుపుట మంచి యుపాయము. కాగితము మార్చునప్పుడెల్ల పలకను దుడువవలెను; మునుపటి ముతకరేణువొకటి మిగిలినను క్రొత్తగీత పడును.

మూడవది, అదుమరాదు. యంత్రపు బరువే చాలును. అదిమినచో బిళ్ల తిరుగుడు మందగించి సుడిగుఱుతులు పడును, మోటారు వేడెక్కును. చేతిని క్షణమునకొక యంగుళముచొప్పున నిదానముగ జరుపవలెను. వేగము యంత్రమునకు, నిదానము చేతికి విహితము. యంత్రమును వంచక బల్లపరుపుగ నుంచవలెను. వంచిన గుంటలు పడును. పట్టీ యంత్రమును మాత్రము తిరుగుచుండగా దించి, తిరుగుచుండగానే యెత్తవలెను. కొయ్యపై నిలిపి యాపినచో గాడి పడును.

నాలుగవది, దేహరక్షణ. కాగితము మార్చుటకు ముందు తీగను ప్లగ్గునుండి తప్పక యూడదీయవలెను. తీగ యంత్రమునకు వెనుకప్రక్కగ నుండవలెను. మెడలోని గొలుసు, వ్రేలాడు జందెము, భుజముపైని తువ్వాలు, వదులు చొక్కాచేతులు దగ్గఱకు రాకుండ సర్దుకొనవలెను. బిళ్ల పూర్తిగ నిలువక యంత్రమును క్రింద బెట్టరాదు. కన్నులకద్దములు, చెవులకు రక్షకములు ధరింపవలెను. ఎడతెగని కంపనమువలన వ్రేళ్ల రక్తనాళములు, నరములు చెడి తిమ్మిరి పట్టును. కావున నడుమనడుమ విరామము తీసికొనవలెను.

ఐదవది, పాత కొయ్య. పాత తలుపులలో మేకులుండును. అవి కాగితమును జింపును, నిప్పురవ్వలు పుట్టించి సంచిలోని పొట్టు నంటింపగలవు. అంతకంటె ముఖ్యము పాతరంగు. మనదేశమున గృహోపయోగపు రంగులయందు సీసము పదిలక్షలలో 90 పాళ్లకు మించరాదను నియమము 2017 నవంబరునుండి యమలులోనికి వచ్చినది. అంతకుముందు రంగువేసిన తలుపులయందు, రథములయందు సీసము హెచ్చుగ నుండవచ్చును. దానిని పొడిగ సాండరుతో రుద్దినచో సీసపు ధూళి యిల్లెల్ల వ్యాపించును; పిల్లల బుద్ధికి నది ముప్పు. అట్టి రంగును తడిపి చేతితో దీయవలెను.

ఆఱవది, సర్వప్రధానమైనది, ధూళిని బుట్టినచోటనే పట్టుట. యంత్రపు సంచిని దగిలించుటతో దృప్తిపడక, దాని గొట్టమును వ్యాక్యూము యంత్రమునకు గలుపుట యుత్తమము. గది తలుపులు, కిటికీలు తెఱచి యుంచవలెను. తువ్వాలు ముక్కునకు జుట్టుకొనుట రక్షణ కాదు. సూక్ష్మరేణువులు దాని నూలుసందులలో నవలీలగ దూరును. ఎన్-95 అను మాస్కును సందులేకుండ ముక్కునకు గట్టిగ నానించి ధరింపవలెను. పని ముగిసిన పిదప గాలికొట్టి పొట్టు నెగురగొట్టరాదు, తడిగుడ్డతో దుడువవలెను. చిన్నపిల్లలను శాలలో నుండనీయరాదు.

తుదిమెఱుగు మాత్రము చేతిదే. యంత్రమెంత చేసినను, చివర సన్నని కాగితమును కొయ్యముక్కకు జుట్టి, నార వెంబడి పదిమాఱులు చేతితో లాగి, కన్నులు మూసికొని యఱచేతితో దడవి చూడవలెను. కంటికి దొరకని లోపము చేతికి దొరకును.

విన్నపము

పెద్ద కర్మాగారములందు పనివారి క్షేమమునకు చట్టములు గలవు, వానిని విచారించు నధికారులు గలరు. మనవారిలో ననేకులు పాణిని చెప్పిన కౌటతక్షులు. కౌటతక్షునకు దానే యజమాని, దానే కూలి. వాని శాలకే యధికారియు రాడు. కావున వాని యూపిరికి గాపు తానే కావలెను. లేదా వాని సంఘము కావలెను.

ఇందుచే దాతలకును, సంఘపు పెద్దలకును నా ప్రార్థన యిది. మన సభలలో శాలువలు కప్పుదుము, జ్ఞాపికల నిత్తుము; మంచిదే. ఈ యేడు ప్రతిగ్రామమునందలి వడ్రంగి సోదరునకు మాస్కుల పెట్టె యొకటియు, ప్రతి కేంద్రమునందు పదిమంది వంతులవారీగ వాడుకొనదగిన వ్యాక్యూము యంత్రమొకటియు నిచ్చితిమేని, అంతకుమించిన సన్మానము లేదు. విశ్వకర్మపూజ నాడు పనిముట్లకు బసుపు, కుంకుమ నలంకరించుచున్నాము. ఆ పనిముట్లతో మాస్కునుగూడ నుంచి పూజింతము. మఱునాడు దానిని ధరింతము.

మన కులవృత్తి తనూకరణము. కొయ్యను బలుచన చేయుట మన విద్య. మన యాయువును బలుచన చేసికొనుట మన విద్య కాదు.

సర్వే జనాః సుఖినో భవంతు.